మూడు రోజుల తలుపు

చిటపటకి పదహారేళ్ళు నిండేసరికి ఆమెను ఉద్ధరించడానికి పట్నం నుంచి ఒక సంస్థ ఊళ్ళోకి దిగింది. పల్లెటూరి పిల్లలకి మొదటి జీతం రుచి చూపిస్తామని ఆ సంస్థవాళ్ళు బడి గోడకి పెద్ద బ్యానర్ కట్టారు. ఆరు వారాలు పని. డబ్బుల్లో సగం సంస్థ ఇస్తుంది, సగం పని ఇచ్చినవాళ్ళు ఇస్తారు, చివర్లో ఒక సర్టిఫికెట్. ఈ మహత్కార్యానికి 'తొలి అడుగు' అని పేరు పెట్టారు. అయిదేళ్ళకే మేకల వెనక పొలాలన్నీ తిరిగిన పిల్లలకి పదహారేళ్ళొచ్చాక తొలి అడుగేమిటో ఆ పేరు పెట్టిన మహానుభావులకే తెలియాలి.

చిటపట అనేది వాళ్ళమ్మ పెట్టిన పేరు. వేడి నూనెలో నీటిచుక్క పడ్డట్టు మాట్లాడుతుందని చిన్నప్పుడే పెట్టింది. బడిలో వేరే పేరుంది కానీ ఆ పేరుతో పిలిస్తే ఆ పిల్లే పలకదు. మామూలుగా అయితే ఇలాంటి బ్యానర్లని చూసి మూతి తిప్పుకుని పోయే రకం. కానీ ఈసారి పరుగెత్తుకెళ్ళి అందరికంటే ముందు సంతకం పెట్టింది. దానికి కారణం పట్నంలో ఉన్న మేనత్త.

మేనత్తకి కవలలు పుట్టారు. "పిల్లని నా దగ్గరికి పంపండి, నా కూతుర్లా చూసుకుంటాను, నేను తిన్నదే అదీ తింటుంది" అని వారానికోసారి ఫోన్ చేస్తోంది. అంతకు ముందు పెద్దమ్మ కూతురు కూడా ఇలాగే కూతురై వెళ్ళింది. మూడేళ్ళు ఆ ఇంట్లో గిన్నెలు తోమి, గుడ్డలు ఉతికి, చేతిలో ఒక పాత సంచితో తిరిగొచ్చింది. చిటపట తల్లి మాత్రం "సొంత మనుషుల దగ్గర లెక్కలేమిటే" అంటుంది. చివరికి తల్లీకూతుళ్ళకి ఒక ఒప్పందం కుదిరింది. ఈ ఆరు వారాలు అయ్యాక కూడా ఎవరైనా పనిలో ఉంచుకుంటే సరే, లేకపోతే నోరు మూసుకుని అత్త ఇంటికి బస్సెక్కాలి.

మొదటి మూడు రోజులూ పని లేదు, శిక్షణట. బడి హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి మధ్యలో ఒక సారు నిలబడ్డాడు. రెండు మాటలు చెప్పడం, "ఏదీ, అందరూ గట్టిగా చప్పట్లు!" అనడం. పేరు చెప్తే చప్పట్లు, జవాబు చెప్తే చప్పట్లు, బయటికెళ్ళి మంచినీళ్ళు తాగొస్తే దానికీ చప్పట్లు. సాయంత్రానికి పిల్లల అరచేతులు కందిపోయాయి. చప్పట్ల సారు అని ఆయనకి చిటపటే పేరు పెట్టింది, మర్నాటికి ఊరంతా అదే పేరు.

చేతులు ఎలా కలపాలో నేర్పాడు. అద్దంలో చూసుకుని ఎలా నవ్వాలో నేర్పాడు. జీతం అనకూడదు, ప్రోత్సాహకం అనాలన్నాడు. మూడో రోజు అందరికీ తెల్ల అట్టలూ రంగు పెన్నులూ పంచి, "మీ కలల నదిని గియ్యండి" అన్నాడు. చిటపట నల్లరంగుతో అడ్డంగా ఒక గీత గీసి ఇచ్చేసింది.

"ఇదేమిటమ్మా?"

"మా ఇంటి ముందు కాలవ సార్. మా వీధిలో పారేది అదొక్కటే."

ఆయన వెంటనే, "నిజాయితీకి చప్పట్లు!" అన్నాడు. ఇక ఈ మనిషితో ఏం మాట్లాడతాం?

నారింజరంగు చొక్కాలిచ్చి తొమ్మిదిమందినీ తొమ్మిది చోట్లకి తోలారు. చిటపటకి రోడ్డు చివరనున్న కోడిపిల్లల కేంద్రం వచ్చింది. గుడ్లని యంత్రాల్లో పొదిగించి, రోజు వయసున్న పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతారక్కడ. దాన్ని నడిపే ఆవిడని అందరూ గడియారమ్మ అంటారు. ఆరింటికి గుడ్లు తిప్పాలంటే ఆరింటికే తిప్పాలి, ఆరూ రెండుకి కాదు. మొదటిరోజు చిటపటని పైనుంచి కిందికి చూసి, "ఆ రంగు చొక్కా విప్పి మేకుకి తగిలించు. గుడ్లకి నీ చొక్కాతో పనిలేదు" అంది. చిటపటకి ఆవిడ అక్కడే నచ్చేసింది.

నాలుగు వారాలు గొడ్డులా పనిచేసింది. కంపు కొట్టే ట్రేలు కడిగింది. మందు నీళ్ళతో నేల తుడిచింది. చీకటిగదిలో గుడ్డుని బల్బు ముందు పెట్టి, లోపల ఎర్రటి నరాలు కనబడితే అటు, కనబడకపోతే ఇటు వేరు చెయ్యడం నేర్చుకుంది. పదిహేనో రోజుకే ఆమె చేతిలో పొరపాటు దొర్లడం లేదని దాణా బాబాయి కూడా ఒప్పుకున్నాడు. దాణా బాబాయి అంటే అక్కడ పన్నెండేళ్ళుగా దాణా కలిపే మనిషి. ఎవరేం చెప్పినా "అలాగేనండి" అంటాడు. చెప్పింది తప్పని తెలిసినా అదే మాట.

అయిదో వారంలో గడియారమ్మ ఆమెను పక్కగదిలోకి తీసుకెళ్ళింది. అక్కడున్న యంత్రం మిగతావాటికంటే చిన్నది. పద్దెనిమిది రోజులు పెద్ద యంత్రంలో ఉన్న గుడ్లని చివరి మూడు రోజులకి ఇందులోకి మారుస్తారు. పిల్లలు బయటికొచ్చేది ఇక్కడే.

"ఈ మూడు రోజులూ ఈ తలుపు తియ్యకూడదు" అంది గడియారమ్మ. "లోపల తేమ ఉంటుంది. తలుపు తీశావంటే ఒక్క ఊపులో పోతుంది. పిల్ల అప్పటికే ముక్కుతో పెంకు పొడిచి ఉంటుంది చూడు, లోపలి పొర ఎండిపోయి ఒంటికి జిగురులా అతుక్కుపోతుంది. ఇంక తిరగలేదు. ముక్కు బయటా ఒళ్ళు లోపలా పెట్టుకుని చచ్చిపోతుంది. మా ఆయన ఒకసారి వాళ్ళ బావగారికి చూపిద్దామని తీశాడు. నాలుగొందల పిల్లలు. ఆరోజు నుంచి ఆయన ఈ గది గడప తొక్కలేదు, నేను తొక్కనివ్వలేదు."

మెడలోంచి తాడు తీసి, దానికున్న తాళంచెవి చిటపట చేతిలో పెట్టింది.

"ఆరొందల గుడ్లున్నాయి. ఈ విడత నీది. నేనడిగినా తియ్యకు. ఇది సరిగ్గా గట్టెక్కిస్తే నీ ఆరు వారాలయ్యాక ఏం చెయ్యాలో ఆలోచిద్దాం."

ఆ 'ఆలోచిద్దాం' అన్న మాట పట్టుకుని చిటపట ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మేనత్త ఫోన్ చేస్తే పక్కనుంచి, "వాళ్ళ కవలల్ని ఇంకెవరినైనా చూసుకోమను" అని గట్టిగానే అరిచింది.

తాళంచెవి చేతికొచ్చిన సాయంత్రమే చప్పట్ల సారు కూడా ఊడిపడ్డాడు. సంస్థకి డబ్బులిచ్చే పెద్దావిడ ఎల్లుండి వస్తోందట. తొమ్మిది చోట్లు చూడటానికి ఆవిడకి తీరికెక్కడిది, ఒక్కచోటికే వస్తుందట. "కోడిపిల్ల గుడ్డులోంచి బయటికి రావడం! పల్లెటూరి అమ్మాయి కొత్త జీవితంలోకి రావడం! రెండూ ఒకే ఫొటోలో!" అని ఆయన కళ్ళు మెరిశాయి. తన తెలివికి తానే చప్పట్లు కొట్టుకోకపోవడం ఒక్కటే తక్కువ.

చిటపట వేళ్ళు మడిచి చూసుకుంది. ఎల్లుండి అంటే ఇరవయ్యో రోజు.

ఎల్లుండి రానే వచ్చింది. గడియారమ్మ పొద్దున్నే ఇస్త్రీ బట్టల్లో కనిపించింది, చెవులకి ఏవో మెరుస్తున్నాయి కూడా. చిటపట ఆ వేషం చూసి ముక్కున వేలేసుకుంది. గేటు ముందు ముగ్గుపిండిలా సున్నం చల్లారు. దాణా బాబాయికి ఎవరో కొత్త టోపీ పెట్టారు, అది చెవుల దాకా దిగి ఆయన్ని మరింత అమాయకుణ్ణి చేసింది. విషయమేమిటంటే, మంచి ఫొటోలు వచ్చిన కేంద్రానికి సంస్థ ఒక కొత్త యంత్రం ఇస్తుందని చప్పట్ల సారు ముందురోజు గడియారమ్మ చెవిలో వేశాడు.

చిటపట నారింజ చొక్కా తొడుక్కుని చిన్నగదిలో నిలబడింది. యంత్రం లోపలినుంచి సన్నగా టిక్కుటిక్కుమని చప్పుడు వస్తోంది. పెంకులు పొడుస్తున్నాయి. తలుపుకున్న చిన్న గాజు బిళ్ళంతా ఆవిరి. ఆ చప్పుడు వింటుంటే ఆమెకి ఒళ్ళంతా సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది.

పెద్దావిడ ముక్కుకి చేతిరుమాలు అడ్డుపెట్టుకుని లోపలికి వచ్చింది. వెనకే చప్పట్ల సారు, కెమెరా అబ్బాయి, గడియారమ్మ, టోపీలో దాణా బాబాయి. అందరూ కలిసి ఆ గదిలో దూరేసరికి ఊపిరాడటం లేదు.

"ఈ అమ్మాయేనండీ! నెల కిందట నోరు తెరిచేది కాదు!" అన్నాడు చప్పట్ల సారు.

చిటపట నోరు తెరవని రోజంటూ ఆ ఊళ్ళో ఎవరైనా చూసి ఉంటే వాళ్ళకి దండం పెట్టాలి.

"ఏదమ్మా, తలుపు తీసి మేడమ్‌కి ఒక పిల్లని చూపించు."

"కుదరదు సార్. రేపటిదాకా తియ్యకూడదు. లోపల తేమ పోతుంది, పిల్లలు చచ్చిపోతాయి."

"ఒక్క నిమిషమేనమ్మా."

"ఒక్క నిమిషం చాలు సార్, చావడానికి. కావాలంటే పక్కన పెద్ద యంత్రం తీస్తాను. దానికేం కాదు."

"దాంట్లో ఏముంటాయి?"

"గుడ్లు."

"గుడ్లు ఫొటోలో ఏం చేస్తాయమ్మా, ఊరికే ఉంటాయి. మనకి ప్రాణం కావాలి, ప్రాణం!"

ప్రాణం కావాలట, అందుకని చంపాలట. చిటపటకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పళ్ళు నూరుకుని గడియారమ్మ వైపు చూసింది. ఇప్పుడు ఈవిడ ఒంటికాలి మీద లేస్తుంది, ఈ సారుని చొక్కా పట్టుకుని గేటు బయట పెడుతుంది అనుకుంది.

గడియారమ్మ నేల చూపులు చూస్తోంది. చెవుల మెరుపులు ఒకసారి సర్దుకుంది. "చటుక్కున తీసి చటుక్కున వేసెయ్" అంది.

తన చెవులు తాను నమ్మలేకపోయింది చిటపట. నాలుగు వారాలుగా ఈ మనిషి మాట వేదం అనుకుంది. ఆరూ రెండుకి గుడ్లు తిప్పితే ఇల్లు పీకి పందిరేసే మనిషి! ఒక యంత్రం చూపించేసరికి ఇంత చవకా?

"మీరడిగినా తియ్యొద్దన్నారు పెద్దమ్మా."

"నేనే చెప్తున్నాను కదా, తియ్యి."

"అప్పుడు చెప్పిందీ మీరే."

"నోరు ముయ్! యజమానిని నేనా నువ్వా?" గడియారమ్మ మొహం ఎర్రబడింది. వెనక్కి తిరిగి, "బాబాయ్, దాని దగ్గర తాళంచెవి తీసుకుని నువ్వు తియ్యి" అంది.

"అలాగేనండి" అన్నాడు దాణా బాబాయి. పిల్లలు చస్తాయని ఆయనకి తెలియదా? పన్నెండేళ్ళుగా అదే గాలి పీలుస్తున్నాడు! అయినా టోపీ పైకి తోసుకుని చెయ్యి చాచుతూ ముందుకొచ్చాడు.

చిటపట తాళంచెవి పిడికిట్లో బిగించి, తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"రా బాబాయ్. ముందు నన్ను లాగెయ్, తర్వాత తలుపు లాగుదువుగాని. కెమెరా అన్నా, నువ్వు తియ్యి ఫొటో! ఆడపిల్ల చెయ్యి విరిచి కోడిపిల్లల్ని చూపించారని కింద రాసుకోండి!"

దాణా బాబాయి చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. చప్పట్ల సారుకి జీవితంలో మొదటిసారి చేతులు కలవలేదు. అప్పుడు పెద్దావిడ చేతిరుమాలు తీసి ఒక్క మాట మాట్లాడింది.

"నాకు అసలు ఈకలంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. కారు దగ్గరికి వెళ్దామా?"

అంతే. ఆరొందల ప్రాణాలు తీసి చూపించబోయింది ఈవిడకి! చివరికి గేటు దగ్గర ఆవిడ చేతిలో ఒక గుడ్డు పెట్టి, చుట్టూ అందర్నీ నిలబెట్టి, చప్పట్లు కొట్టించి ఫొటో తీసుకున్నారు. ఊరికే ఉంటాయన్న గుడ్డే మరి. కారు వెళ్ళిపోయింది. కొత్త యంత్రం మాట కూడా దాంతోపాటే వెళ్ళిపోయింది.

చప్పట్ల సారు కాగితం తీసి అక్కడే నిలబడి రాశాడు. "బృందంలో కలవదు. పెద్దల పట్ల గౌరవం లేదు." సర్టిఫికెట్ లేదు, మిగిలిన రోజుల ప్రోత్సాహకం లేదు. "నీ భవిష్యత్తుకి నువ్వే అడ్డు నిలబడ్డావమ్మా" అన్నాడు బాధగా.

"తలుపుకి సార్, తలుపుకి అడ్డు నిలబడ్డాను" అంది చిటపట. "కాస్త చూసి రాసుకోండి."

గడియారమ్మ మాత్రం చెయ్యి చాపింది. చిటపట తాళంచెవి ఆ చేతిలో పెట్టింది. "రేపట్నించి రానక్కర్లేదు" అంది గడియారమ్మ, మొహం చూడకుండా. మేకుకి చొక్కా తగిలించి వచ్చేసింది చిటపట. దారంతా ఏడవకూడదనుకుని, ఇంటి మలుపు దగ్గర కాలవ పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పని పోయినందుకు కొంత. ఆవిడలాంటి మనిషి కూడా అలా అయినందుకు ఎక్కువ.

ఇంట్లో తల్లి సంగతంతా విని తల కొట్టుకుంది. "వాళ్ళ యంత్రం, వాళ్ళ గుడ్లు, వాళ్ళ తలుపు! మధ్యలో నీకేం పోయేకాలమే? నీ నోరే నీ కొంప ముంచుతుందని ఎన్నిసార్లు చెప్పాను!" అని, ఆ తిట్టే నోటితోనే మేనత్తకి ఫోన్ చేసింది. ఎల్లుండి పొద్దున్న బస్సు. సంచి సర్దడం కూడా అయిపోయింది. ఒప్పందం ఒప్పందమే కాబట్టి చిటపట కిక్కురుమనలేదు. ఆ పిల్ల కిక్కురుమనకుండా ఉంటే చూడటం తల్లికి కష్టంగానే ఉంది, కానీ బయటపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం గడియారమ్మ వచ్చింది. ఎప్పుడూ కేంద్రం వదిలి కదలని మనిషి, పని బట్టల్లోనే, మోచేతుల దాకా పసుపురంగు నూగుతో వచ్చి గుమ్మంలో నిలబడింది. తల్లి గబగబా కుర్చీ తుడిచి వేసింది. చిటపట లేవలేదు.

"అయిదొందల డెబ్భై నాలుగు" అంది గడియారమ్మ, కూర్చుంటూనే. "ఆరొందలకి అయిదొందల డెబ్భై నాలుగు పిల్లలు. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ ఇంత రాలేదు."

చిటపటకి గుండెల్లో ఏదో పొంగింది. ఆ సంతోషం మొహంలో కనబడనివ్వకుండా గోడ వైపు చూసింది.

"నిన్న నాకు బుద్ధి గడ్డి తింది" అంది గడియారమ్మ. ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో గొంతులోనే తెలిసింది. "కొత్త యంత్రం అనేసరికి కళ్ళు మూసుకుపోయాయి. నువ్వు లేకపోతే నిలువునా మునిగేదాన్ని. నాకు ఆడపిల్లలు లేరు. నువ్వు పరాయిదానివి అనుకోవట్లేదమ్మాయ్. మా దగ్గరికే వచ్చెయ్. మా ఇంట్లోనే ఉండు, మేం తిన్నదే నువ్వూ తిను. సంస్థవాళ్ళ డబ్బులు ఎలాగూ ఆగిపోయాయి, ఇంక మన మధ్య జీతాలూ లెక్కలూ ఏమిటి? సొంత కూతుర్లా చూసుకుంటాను."

తల్లి కళ్ళు తుడుచుకుంది. "ఎంత మాట! దాని అదృష్టం!" అంది.

చిటపట గోడ వైపు నుంచి మెల్లిగా తిరిగింది. నారింజ చొక్కాలిచ్చినవాళ్ళు ప్రోత్సాహకం అన్నారు. అత్త కూతురంది. ఇప్పుడు ఈవిడా కూతురే అంటోంది. ఒక్కరికీ ఆ రెండక్షరాల మాట నోట్లోంచి ఊడి పడటం లేదు! ఇంతమంది తల్లులు ఒక్కసారి మీద పడితే ఏ పిల్ల మాత్రం తట్టుకుంటుంది?

"నాకు అమ్మ ఉంది పెద్దమ్మా" అంది. "అదిగో, ఎదురుగా కళ్ళు తుడుచుకుంటోంది. ఒక అమ్మతోనే వేగలేకపోతున్నాను. నన్ను కూతుర్ని చెయ్యకండి, పన్లో పెట్టుకోండి. నెల జీతానికి."

"ఒసేయ్!" అంది తల్లి.

గడియారమ్మ మొహంలో ఆ తియ్యదనమంతా ఎగిరిపోయింది. ఇది బేరమని ఆవిడకి అర్థమైంది. కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఎంత?"

"దాణా బాబాయికి ఎంతిస్తున్నారో అంత."

"నీకేమైనా మతి పోయిందా? ఆయన పన్నెండేళ్ళుగా చేస్తున్నాడు!"

"ఆయన తలుపు తియ్యబోయాడు" అంది చిటపట.

గడియారమ్మ మోచేతి మీది నూగు గిల్లి కింద పారేసింది. బయట వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. తల్లి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ, కుర్చీ తుడిచిన గుడ్డనే మళ్ళీ మడతపెట్టింది.

చివరికి గడియారమ్మ లేచింది. కోపంగానే లేచింది. చెప్పులు తొడుక్కుని, గుమ్మం దిగి, వెనక్కి తిరగకుండానే అంది.

"రేపు ఆరింటికి. ఒక్క నిమిషం ఆలస్యమైనా జీతం కోస్తాను."

ఆవిడ మలుపు తిరిగేదాకా చిటపట కదల్లేదు. తర్వాత సంచి దగ్గరికెళ్ళి ముడి విప్పింది. బట్టలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పడేస్తుంటే కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఇప్పుడెందుకే ఏడుస్తావు? కోస్తానందనా?" అంది తల్లి.

"అవునమ్మా" అంది చిటపట. "విన్నావు కదా. నా జీతం కోస్తుందట."